పాత రైలు దారిలో ఏది మేలు: తారు బాటా, రాతిపొడి బాటా?

రైళ్లు ఆగిపోయాక పట్టాలు తీసేసి వేసిన బాటలకు ఒక సుగుణం ఉంది: ఎత్తుపల్లాలు అంతగా తెలియవు. బరువైన రైలు నిటారు వాలు ఎక్కలేదు కాబట్టి, అప్పటి ఇంజనీర్లు చాలాచోట్ల వాలును రెండు మూడు శాతం దాటనివ్వలేదు. ఆ పుణ్యం ఇప్పుడు మన మోకాళ్లకు దక్కుతోంది. తేడా అంతా పైన పరిచినదానిలోనే.

అమెరికాలోని వర్జీనియాలో వాషింగ్టన్ అండ్ ఓల్డ్ డొమీనియన్ బాట సుమారు 72 కిలోమీటర్ల తారు దారి. సన్న టైర్ల సైకిలు, స్కేట్లు, చక్రాల కుర్చీ, పసిపిల్లల బండి ఏవైనా సాఫీగా సాగుతాయి. వాన వెలిస్తే బురద బెడద ఉండదు. చిక్కల్లా వేగంతోనే. గంటైనా కొట్టకుండా నడిచేవారి పక్కనుంచి దూసుకుపోయే సైకిలు వీరులను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. చెట్ల వేర్లు తారును పైకి లేపిన చోట వాళ్లకే ముందు బుద్ధి వస్తుందనుకోండి!

అమెరికాలోనే, పెన్సిల్వేనియాలోని పిట్స్‌బర్గ్ నుంచి మేరీలాండ్‌లోని కంబర్లాండ్ వరకు సాగే గ్రేట్ అలెగెనీ పాసేజ్ సుమారు 240 కిలోమీటర్లు. అందులో ఎక్కువ భాగం సున్నపురాయి పొడి పరిచిన బాటే. పాదాల కింద కాస్త మెత్తగా ఉంటుంది కనుక నడకకూ పరుగుకూ నా ఓటు దీనికే. సైకిలు తీస్తే మాత్రం తారు బాటకే పోతాను. తడిసిన రాతిపొడి మీద చక్రాలు బరువెక్కుతాయి, ఇంటికొచ్చాక గొలుసు కడగడానికే సాయంత్రం గడిచిపోతుంది.