తుపాకీ కన్నా ముందు కుర్చీ: పారా ఎయిర్ రైఫిల్ సామగ్రిపై కొన్నేళ్ల వాడకం తరువాత సమీక్ష

వెన్నుపాముకు దెబ్బ తగిలి ఛాతీ కింది భాగం నుంచి కదలిక, స్పర్శ కోల్పోయిన నేను, నెల్లూరులో మా ఇంటి పంచలోనే పది మీటర్ల ఎయిర్ రైఫిల్ అభ్యాసం చేస్తూ, అప్పుడప్పుడు పోటీలకు వెళ్లి వస్తూ కొన్నేళ్లుగా వాడుతున్న సామగ్రి మొత్తం ఈ సమీక్షకు విషయం. రైఫిల్, గాలి పంపు, చక్రాల కుర్చీ, కూర్చునే మెత్త, మోచేతులు ఆనించే బల్ల, కాన్వాసు జాకెట్ ఇందులోకి వస్తాయి. కొత్తగా ఈ క్రీడలోకి రావాలనుకునే వారు ఎవరు కలిసినా మొదట అడిగేది ఏ కంపెనీ తుపాకీ కొనాలని. నా అనుభవంలో ఆ ప్రశ్న మూడో నాలుగో స్థానంలో ఉండాలి. నా స్కోరు పెరిగిన సందర్భాలన్నీ కుర్చీలోనో, మెత్తలోనో, బల్లలోనో మార్పు చేసుకున్న తరువాత వచ్చినవే.

ఎందుకో లెక్క చూస్తే తెలుస్తుంది. పది మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క వ్యాసం 0.5 మిల్లీమీటర్లు మాత్రమే. అక్కడి నుంచి ఒక్కో వలయానికి తేడా 2.5 మిల్లీమీటర్లు. రైఫిల్ మీద గురి చూసే ముందు సైటుకూ వెనుక సైటుకూ మధ్య దూరం సుమారు 80 సెంటీమీటర్లు అనుకుంటే, వాటి వరుస మిల్లీమీటరులో అయిదో వంతు తప్పినా గుండు టార్గెట్ మీద ఒక పూర్తి వలయం పక్కకు పోతుంది. దశాంశ స్కోరింగ్‌లో ఒక్క గుండుకు అత్యధికం 10.9 కాబట్టి, పాయింటులో పదో వంతు అంటే కేంద్రం నుంచి పావు మిల్లీమీటరు తేడా. పోటీలకు వాడే మంచి మ్యాచ్ రైఫిల్ ఏదైనా బిగించి పేలిస్తే గుండ్లు దాదాపు ఒకే రంధ్రంలో పడతాయి. కాబట్టి కదిలేది తుపాకీ కాదు, దానిని పట్టుకున్న శరీరం. ఆ శరీరం కదలడానికి సగం కారణం దాని కింద ఉన్న ఆసనం.

విభాగాల సంగతి క్లుప్తంగా చెబుతాను. తుపాకీ బరువును సొంత చేతులతో మోయగలిగిన వారు ఎస్‌హెచ్1 వర్గంలోకి, చేతుల బలహీనత వల్ల స్ప్రింగు స్టాండు మీద రైఫిల్‌ను నిలపవలసిన వారు ఎస్‌హెచ్2 వర్గంలోకి వస్తారు. ఎస్‌హెచ్2 వారికి గుండు నింపడానికి సహాయకుడిని కూడా అనుమతిస్తారు. టోక్యోలో 249.6, పారిస్‌లో 249.7 స్కోరుతో అవని లేఖరా వరుసగా రెండు పారాలింపిక్ స్వర్ణాలు గెలిచినది ఆర్2 అనే మహిళల విభాగం. దాని పేరులో ‘స్టాండింగ్’ ఉన్నా ఆమెలా చక్రాల కుర్చీలో కూర్చుని కూడా కాల్చవచ్చు, కానీ చేతులకు ఏ ఆధారమూ ఉండదు. ఆమెను టీవీలో చూసి వచ్చేవారు మోచేతులు బల్ల మీదే ఉంటాయని అనుకుంటారు. బల్ల ఉండేది నేను కాల్చే ఆర్3లో, అంటే ‘ప్రోన్’ (బోర్లా పడుకుని కాల్చే భంగిమ పేరు) విభాగంలో. స్త్రీ పురుషులు కలిసి పోటీపడే ఈ విభాగంలో 60 గుండ్లకు గరిష్ఠం 654 కాగా, అంతర్జాతీయ స్థాయిలో పైవరుసలో ఉండేవారు 630 దాటి కొడతారు. పొరపాటుకు ఇక్కడ చోటు ఎంత తక్కువో ఆ అంకె చూస్తే తెలుస్తుంది.

ఇక కుర్చీ. ఆసుపత్రుల్లో కనిపించే మడత కుర్చీతోనే నేను మొదలుపెట్టాను, చాలామంది మొదలుపెట్టేదీ దానితోనే. దాని రెక్సిన్ సీటు కొద్ది నెలల్లోనే మధ్యలో ఉయ్యాల జోలెలాగా దిగిపోతుంది, కటి ఎముక ఒక పక్కకు ఒరుగుతుంది, దానిని సరిచేయడానికి వెన్ను, ఆ వెన్నును సరిచేయడానికి భుజాలు నిరంతరం పనిచేస్తూనే ఉంటాయి. పొట్ట కండరాలు పనిచేయని వాడికి ఆ శ్రమ అంతా భుజాల మీదే పడుతుంది కాబట్టి నలభయ్యో గుండు వచ్చేసరికి రైఫిల్ మూతి వణకడం మొదలవుతుంది. సీటు కింద గట్టి చెక్క పలక అమర్చిన రోజే గుండ్ల గుంపు అడ్డంగా సన్నబడింది. ఆ తరువాత మడతపడని దృఢమైన ఫ్రేము కుర్చీకి మారాను. దానిలో నాకు నచ్చనిది ఒక్కటే: గాలి టైర్లు. వాటిలో గాలి తగ్గితే బ్రేకు పట్టు సడలి, ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కుర్చీ వెంట్రుకవాసి వెనక్కి జరుగుతుంది. అందుకే చక్రాల వెనుక చెక్క దిమ్మెలు పెట్టి కాలుస్తాను. వీపు ఆనించే పలక ఎత్తు మన ఇష్టం కాదని కూడా గుర్తుంచుకోవాలి. నడుము నిలుపుకోగలిగే శక్తిని పరీక్షించి వర్గీకరణ నిపుణులే దానిని నిర్ణయిస్తారు కనుక, వర్గీకరణ పూర్తికాకుండా ఖరీదైన కుర్చీ చేయించుకోవద్దని నా సలహా.

మెత్త విషయంలో మాత్రం నాకు ఇప్పటికీ పూర్తి సంతృప్తి లేదు. స్పర్శ లేని శరీరానికి బెడ్‌సోర్ల భయం ఎప్పుడూ ఉంటుంది, వాటి నుంచి కాపాడటంలో గాలి గదులున్న మెత్తకు సాటి వచ్చేది నేను చూడలేదు. కానీ గురికి అది శత్రువు, ఎందుకంటే ఊపిరి తీసిన ప్రతిసారీ దాని మీద శరీరం తేలుతుంది. గట్టి ఫోము మెత్త మీద గురి నిలుస్తుంది, చర్మం నిలవదు. నేను కుదుర్చుకున్న మధ్యేమార్గం ఏమిటంటే, ఇంట్లో మిగతా వేళల్లో గాలి మెత్త, కాల్పుల వేళ మాత్రమే ఫోము మెత్త. పోటీలో సన్నాహక సమయం 15 నిమిషాలతో కలిపి గంటకు పైగా కూర్చోవలసి వస్తుంది కాబట్టి, ప్రతి పది గుండ్లకు రైఫిల్ దించి, చేతుల మీద శరీరాన్ని పైకెత్తి బరువు తప్పిస్తాను. ఇలా లేచి కూర్చున్న ప్రతిసారీ శరీరం సహజంగా చూపే గురిదిశ కాస్త మారుతుంది. దానిని తిరిగి పట్టుకోవడానికి కొంత సమయం ఖర్చవుతుంది. ఆ ఖర్చును ముందే లెక్కలో వేసుకుని గుండ్ల వేగాన్ని నిర్ణయించుకోవాలి. శిక్షకులు, ముఖ్యంగా మామూలు షూటర్లకు నేర్పే అలవాటున్న వారు, దీనిని అనవసర విరామంగా చూస్తారు. ఆ విషయంలో వారి మాట వినవలసిన పని లేదు.

బల్లను ఇక్కడి వడ్రంగి ఆచారి చేత పలక కోయించి, ఆటోనగర్‌లో మర కాళ్లు వెల్డింగు చేయించుకున్నాను. ఎత్తును వేలెడంత తేడాతో కాదు, మర చుట్టు తేడాతో సరిచేసుకోగలగాలి. అదే దానిలో ముఖ్యం. బల్ల ఎత్తుగా ఉంటే భుజాలు చెవుల దగ్గరకు వస్తాయి, తక్కువైతే శరీరం ముందుకు వాలి ఊపిరి ఇరుకవుతుంది. కార్తీక మాసంలో వచ్చే తుపాను ముసురుకు మామూలు ప్లైవుడ్ ఉబ్బి పైభాగం గుల్లవుతుంది, మన జిల్లాలో నీటికి తట్టుకునే రకమే వాడాలి.

రైఫిల్ గురించి చెప్పవలసింది తక్కువ. నాది వేరొకరు వాడగా కొన్న విదేశీ మ్యాచ్ రైఫిల్; కొత్తది లక్షల్లో ఉంటుంది, నా స్థాయికి ఆ ఖర్చు వ్యర్థం. 4.5 మిల్లీమీటర్ల వ్యాసం, 20 జౌళ్ల శక్తి దాటని ఎయిర్ రైఫిల్‌కు మన దేశంలో ఆయుధ లైసెన్సు అవసరం లేదు, మ్యాచ్ రైఫిల్ శక్తి అందులో సగం కూడా ఉండదు. గాలి నింపడమే అసలు కష్టం. రైఫిల్‌కు అమర్చిన గాలి సిలిండర్‌ను 200 బార్ల పీడనం వరకు చేతి పంపుతో నింపాలంటే నిలబడి ఒంటి బరువంతా దాని మీద మోపాలి, కూర్చున్న మనిషికి అది అసాధ్యం. నాకు మా మేనల్లుడు కొట్టిపెడతాడు. “మామా, ఈ వారానికి ఇంతే” అని వాడు పంపు వదిలేస్తే ఆ వారం ఖాళీ తుపాకీతో డ్రై ఫైరింగే గతి. నిజానికి దానివల్ల నాకు నష్టమేమీ జరగలేదు, ట్రిగ్గర్ మీద వేలు నేర్చుకున్నదంతా అక్కడే. కోస్తా గాలిలో తేమ ఎక్కువ కాబట్టి పంపుకు తేమ పీల్చే వడపోత తప్పనిసరి.

జాకెట్ గురించి హెచ్చరిక అవసరం. బిగుతైన కాన్వాసు, తోలు జాకెట్ మన ఎండల కోసం పుట్టినది కాదు. వెన్ను దెబ్బ తిన్న భాగానికి కింద చెమట సరిగా పట్టదు, కాబట్టి ఒంట్లో వేడి బయటకు పోదు. రోహిణి కార్తెలో పంచలో నీడపట్టున కూర్చున్నా తల తిరుగుతుంది. వేసవిలో తెల్లవారుజామునే అభ్యాసం ముగిస్తాను, మెడ మీద తడిగుడ్డ ఉంచుకుంటాను, జాకెట్‌ను గుండ్ల వరుసల మధ్య పూర్తిగా విప్పేస్తాను. నిలబడి కాల్చేవారి కోసం కుట్టిన జాకెట్ వెనుక అంచు సీటుకు తగిలి పైకి తన్నుతుంది, కూర్చునే వారి కొలతకు పొట్టిగా కుట్టించుకోవాలి.

మందుల సంగతి చాలామందికి తెలియక చిక్కుల్లో పడతారు. రక్తపోటుకు డాక్టర్లు మామూలుగా రాసే అటెనలాల్, మెటోప్రొలాల్ వంటి బీటా బ్లాకర్లు గుండె వేగాన్ని తగ్గించి చేయి నిలకడ పెంచుతాయి కాబట్టి షూటింగ్‌లో పోటీ రోజునే కాక మిగతా రోజుల్లో కూడా నిషిద్ధం. పోటీలకు పేరు ఇచ్చే ముందే చీటీ తీసుకుని డాక్టరుతో మాట్లాడి, వేరే మందుకు మారడమో, వైద్య కారణాలపై మినహాయింపుకు దరఖాస్తు చేయడమో చూసుకోవాలి.

ప్రస్తుతం నేను డబ్బు దాస్తున్నది కొత్త సిలిండర్ కోసం. సాధారణంగా తయారైన పదేళ్లకు దాని గడువు తీరుతుంది, ఆ తేదీ సిలిండర్ మీదే ఉంటుంది, గడువు దాటినదానిని వాడటం ప్రమాదకరం, దాని బాధ్యతా షూటరుదే. పాత రైఫిల్ కొనేవారు గొట్టం, ట్రిగ్గర్ చూడటానికి ముందు ఆ తేదీ చూసి, మిగిలిన ఏళ్లను బట్టి ధర మాట్లాడుకోవాలి.