పాత ఆట మళ్లీ వస్తోంది: బీటా పెట్టాలా, నేరుగా తెరవాలా?

ఏదైనా పాత ఆన్‌లైన్ ఆట 'క్లాసిక్' పేరుతో తిరిగొస్తోందని వార్త రాగానే హనుమకొండ, కాజీపేట కుర్రాళ్లు నన్ను అడిగేది ఒక్కటే. "ఆడిన ఆటనే గదన్నా, లోపల ఏమున్నదో అందరికీ ఎర్కే. మళ్ల బీటా ఎందుకు? సీదా తెరిస్తే అయిపాయె గద!" అడగాల్సిన ప్రశ్నే. (బీటా అంటే విడుదలకు ముందు ఆటగాళ్లతో ఆడించి చూసే పరీక్ష.) ఒక్కొక్కరికీ విడిగా జవాబు చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నా.

నా అభిప్రాయం ముందే చెప్తా: బీటా ఉండాల్సిందే. కాకపోతే కొద్దిమందిని ఏరి నెలల తరబడి ఆడించే రకం (క్లోజ్డ్ బీటా) కాదు, తలుపులు బార్లా తెరిచి నాలుగు రోజులు అందర్నీ రానిచ్చే రకం (ఓపెన్ టెస్ట్).

నేరుగా తెరవాలనే వాళ్ల చేతిలో గట్టి సాక్ష్యమే ఉంది. 2013 ఫిబ్రవరిలో జాగెక్స్ కంపెనీ తన ఆన్‌లైన్ ఆట రూన్‌స్కేప్ పాత రూపంలో కావాలా అని ఆటగాళ్లనే ఓటు అడిగింది. దాదాపు నాలుగున్నర లక్షల ఓట్లు పడ్డాయి. అదే నెల 22న ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ తెరిచేశారు. 2007 ఆగస్టు నాటి బ్యాకప్ ఒకటి మిగిలి ఉంటే దాన్నే లేపి నడిపారు. నెలల తరబడి పరీక్షలేం లేవు. ఆ ఆట ఇప్పటికీ బతికే ఉంది. అందులో పెద్దగా కొత్తది చేర్చాలంటే మామూలుగా ఆటగాళ్ల ఓటు గెలవాలి.

మరి అక్కడ కుదిరింది అన్నిచోట్లా ఎందుకు కుదరదు? అక్కడ కోడ్ పాతదే, బొమ్మలూ పాతవే. కొత్తగా అతికించింది చాలా తక్కువ. ఈ రోజుల్లో 'క్లాసిక్' అని వచ్చేవాటిలో ఎక్కువ భాగం అట్లా ఉండవు. లోపలి లెక్కలు పాతవి, వాటిని నడిపే యంత్రాంగం కొత్తది. బగ్గులు, అంటే ప్రోగ్రాంలో తప్పులు, పుట్టేది ఆ రెండూ కలిసే అతుకు దగ్గరే.

బ్లిజార్డ్ కంపెనీ ఆన్‌లైన్ ఆట వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ సంగతి చూడండి. 2006 నాటి 1.12 ప్యాచ్ (అప్‌డేట్) లెక్కల్ని తెచ్చి కొత్త క్లయింట్ (మన కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రాం) మీద నడిపారు. 2019 మే నెలలో క్లోజ్డ్ బీటా మొదలుపెట్టి, ఆగస్టు చివర్లో ఆట తెరిచారు (మనకు 27 తెల్లవారుజామున మూడున్నరకు). ఆ బీటాలో నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. ఆటగాళ్లు కుప్పలుగా బగ్ రిపోర్టులు పంపితే, బ్లిజార్డ్ వాళ్లు 'ఇవి బగ్గులు కావు' అని ఒక జాబితా పెట్టాల్సి వచ్చింది. టారెన్ జాతి వాళ్ల దెబ్బ మిగతా వాళ్లకన్నా కొంచెం ఎక్కువ దూరం తగలడం, భయపెట్టే మంత్రం పడ్డవాళ్లు మామూలు కంటే వేగంగా పరుగెత్తడం, చంపిన జంతువులు ఆలస్యంగా తిరిగి పుట్టడం, ఇవన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. పాత ఆటలో ఇవి నిజంగానే అట్లా ఉండేవి. ఆడిన వాళ్లకే గుర్తులేదు! అంటే 'అందరికీ ఎర్కే' అన్నమాట నిలవదన్నట్టే. ఏది పాత పద్ధతి, ఏది కొత్తగా దూరిన తప్పు అని తేల్చడానికి క్లోజ్డ్ బీటా పనికొస్తుంది. అంతవరకు దానికి నా ఓటు ఉంది.

ఆట కష్టమా సులువా అని తేల్చడానికైతే బీటా అక్కర్లేదు. ఒకప్పుడు నెలల తరబడి పడని రాగ్నరోస్ అనే పెద్ద బాస్‌ను వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ తెరిచిన వారంలోపే పడగొట్టారు. దారి తెలిసిన ఆటలో ఎవర్ని ఎట్లా కొట్టాలో పరీక్షించి లాభం లేదు.

అసలు విషయం జనం. నా దృష్టిలో మొత్తం చర్చ తేలేది ఇక్కడే.

బ్లిజార్డ్ వాళ్లే 2000 నాటి డయాబ్లో 2ను కొత్త బొమ్మలతో తెచ్చిన డయాబ్లో 2 రిసరెక్టెడ్ ఈ విషయంలో అందరూ చదవాల్సిన పాఠం. 2021 ఏప్రిల్‌లో టెక్నికల్ ఆల్ఫా (బీటాకన్నా ముందు చేసే తొలి పరీక్ష) పెట్టారు. ఆగస్టులో కొద్ది రోజుల చొప్పున రెండు విడతల బీటా పెట్టారు, రెండోది అందరికీ తెరిచారు. సెప్టెంబర్ 23న ఆట విడుదలైంది. అక్టోబర్‌లో సర్వర్లు వరసగా పడిపోయాయి. కొందరి క్యారెక్టర్లు సంపాదించుకున్నది పోయి వెనక్కి వెళ్లాయి. తర్వాత బ్లిజార్డ్ వాళ్లే కారణం విడమరిచి రాశారు. రూమ్ తెరవడం, రూముల జాబితా చూపించడం, డేటాబేస్ నుంచి క్యారెక్టర్‌ను చదవడం లాంటి పనులన్నీ పాత కాలపు సర్వీస్ ఒక్కదాని మీదే ఉన్నాయట. ఇరవై ఏళ్ల కింద ఆడినవాళ్లు రూమ్ తెరిచి తీరిగ్గా ఆడుకునేవాళ్లు. ఇప్పటి వాళ్లు గైడ్ చూసి, రూమ్ తెరిచి, సీదా బాస్ దగ్గరికి ఉరికి, చంపి, వస్తువు ఏరుకుని, రూమ్ మూసి, మళ్లీ తెరుస్తారు. నిమిషాల్లో అదే పని, లక్షల మంది. ఆట మారలేదు, ఆడే తీరు మారింది. పాత కోడ్ ఆ తీరును ఎన్నడూ చూడలేదు. చివరికి రూములు తెరిచే వేగానికి పరిమితి పెట్టి, లాగిన్‌కు క్యూ పెట్టాల్సి వచ్చింది.

మరి బీటాలో ఇది ఎందుకు బయటపడలేదు? నాకు తోచింది చెప్తా. బీటాలో మొదటి రెండు అంకాలే ఇచ్చారు. వస్తువుల కోసం జనం పదే పదే చంపే బాస్‌లలో మెఫిస్టో మూడో అంకంలో ఉంటాడు, బాల్ ఐదో అంకంలో. జనాన్ని పిలిచారు గానీ, సర్వర్‌ను పడగొట్టే పనికి చోటివ్వలేదు. జాతర లేని రోజున మేడారం పోయి నల్లాలు తిప్పి, నీళ్లు బాగానే వస్తున్నాయి అనుకోవడం లాంటిదే ఇది. అందుకే నేననేది: ఓపెన్ టెస్ట్ పెడితే ఆట మొత్తం ఇవ్వాలి, పెద్ద లెవల్ క్యారెక్టర్లను రెడీగా చేతికివ్వాలి. టెస్ట్ అయ్యాక తుడిచేసేవే కాబట్టి ఎవరికీ నష్టం లేదు.

మన దగ్గరి నుంచి ఆడేవాళ్లకు ఇంకో కోణం ఉంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. నయీంనగర్ హాస్టళ్లలో ఒక్క వైఫై మీద పది గదులు నడుస్తాయి. చాలా లోకల్ ఫైబర్ కనెక్షన్లలో ఒకే ఐపీ అడ్రస్‌ను (ఇంటర్నెట్‌లో మన కనెక్షన్‌ను గుర్తించే నంబర్) ఎన్నో ఇళ్లకు పంచుతారు. 2000 ప్రాంతంలో రాసిన కోడ్‌కు ఒక ఐపీ అంటే ఒక ఇల్లు, మహా అయితే ఒక నెట్ సెంటర్. ఒకే ఐపీ నుంచి ముప్పై లాగిన్లు వస్తే బాట్లు (మనిషి బదులు ఆడే ప్రోగ్రాంలు) అనుకుని ఆపేసే పాత నియమం లోపల ఎక్కడో పడి ఉండొచ్చు. కాలిఫోర్నియాలో ఏరిన వెయ్యి మందితో క్లోజ్డ్ బీటా నడిపితే ఇది జన్మలో బయటపడదు. ఒక్క ఆదివారం రాత్రి తొమ్మిదింటికి మనందరికీ తలుపు తెరిస్తే అరగంటలో బయటపడుతుంది. క్లోజ్డ్ బీటా కన్నా ఓపెన్ టెస్ట్ మేలనడానికి నా అతి పెద్ద కారణం ఇదే.

ఓపెన్ టెస్ట్ పెట్టినా రెండు షరతులు ఉండాలి. మొదటిది, అయిపోయాక అన్నీ తుడిచేయాలి. 2021 జూన్ 17న మొబైల్ షూటింగ్ ఆట బీజీఎంఐ ఎర్లీ యాక్సెస్ (విడుదలకు ముందే ఆడనివ్వడం) వచ్చినప్పుడు ఆడినదీ కొన్నదీ అంతా జులై 2 నాటి అసలు విడుదలకు అట్లాగే వచ్చింది. ఆటగాడికి హాయే, కానీ అది పరీక్ష కాదు, విడుదలే. మన పిల్లల్లో చాలామంది బీటా అంటే 'ముందుగా ఆడటం' అనుకోవడానికి అదొక కారణం. డబ్బు పెట్టి కొన్నవి అందులో ఉంటే, పెద్ద తప్పు దొరికినా వెనక్కి తిప్పే ధైర్యం ఏ కంపెనీకీ ఉండదు.

రెండోది, టెస్ట్‌కూ విడుదలకూ మధ్య నెలన్నా ఉండాలి. పాత వార్‌క్రాఫ్ట్ 3ను బ్లిజార్డ్ కొత్తగా తెచ్చిన వార్‌క్రాఫ్ట్ 3 రీఫోర్జ్‌డ్‌కు బీటా ఉంది, అందులో తిట్లూ పడ్డాయి. అయినా 2020 జనవరి 28న వదిలేశారు. 2018లో చూపించినదానికీ చేతికొచ్చినదానికీ పొంతన లేదని గొడవై, అడిగిన వాళ్లకు డబ్బు తిరిగివ్వాల్సి వచ్చింది. పైగా పాత ఆట కొనుక్కున్న వాళ్ల క్లయింట్ కూడా కొత్తదానికి మారిపోయింది, వాళ్ల మీద కూడా దెబ్బ పడింది. దిద్దడానికి టైం లేని బీటా ఉన్నా లేనట్టే.

ఇక డబ్బు కట్టి మూడు రోజుల ముందు ఆడే ఎర్లీ యాక్సెస్ సంగతంటారా, అది అమ్మకం పద్ధతి, దాన్ని ఈ పోలికలోకి తేను. టెక్నికల్ ఆల్ఫా కంపెనీ ఇంటి పని, మనకు పట్టింపు లేదు.

కాబట్టి ఏ పాత ఆటకైనా రేపు ఓపెన్ టెస్ట్ అని ప్రకటన వస్తే, దయచేసి రెండు గంటలు ఇవ్వండి. తీరిక ఉన్న మధ్యాహ్నం కాదు, నెట్ బరువెక్కే రాత్రి పూట, మీరు రోజూ ఆడే కనెక్షన్ మీదే ఎక్కండి. ఇంకొకరితో వస్తువులు మార్చుకుంటుండగా కేబుల్ పీకి చూడండి, కరెంటు పోతే మన దగ్గర అదే జరుగుతుంది కదా. తిరిగి ఎక్కాక వస్తువు ఇద్దరి దగ్గరా ఉందా, ఎవరి దగ్గరా లేదా చూడండి. ఫైబరా సిమ్ డేటానా, ఒకే వైఫై మీద ఎంతమంది ఉన్నారు, ఎన్ని గంటలకు తెగింది, ఈ మూడూ రిపోర్టులో రాయండి. 'లాగ్ అవుతోంది' అని ఒక్క ముక్క రాసి పంపితే అవతలి ఇంజనీర్ దాంతో ఏమీ చేయలేడు.