వైట్ ఇంక్ ఆగిపోతే ఏది మేలు: క్లీనింగ్ మీద క్లీనింగా, రాత్రంతా నానబెట్టడమా?

డీటీజీ మెషీన్ (టీషర్టుల మీద నేరుగా ఇంకుతో ప్రింట్ చేసేది) నడిపేవాళ్ళు నన్ను తిప్పి తిప్పి అడిగే ప్రశ్న ఒకటుంది. రంగులు నాలుగూ శుభ్రంగా పడుతున్నాయి, వైట్ మాత్రం గీతలు గీతలుగా వస్తోంది, నాలుగుసార్లు హెడ్ క్లీనింగ్ (ఇంకు చిమ్మే హెడ్‌లోంచి మెషీనే పంపుతో ఇంకు లాగి శుభ్రం చేసుకోవడం) ఇచ్చినా దారికి రాలేదు. ఇంకో క్లీనింగ్ ఇవ్వాలా, క్లీనింగ్ సొల్యూషన్ పోసి రాత్రంతా నానబెట్టాలా, లేక డాంపర్ (హెడ్‌కు ముందు ఇంకు వడకట్టే చిన్న డబ్బా) మార్చెయ్యాలా? పోయిన నెల నా మెషీన్ కూడా ఇదే పేచీ పెట్టింది. అదింకా కళ్ళముందే ఉంది కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను.

నా మొగ్గు నానబెట్టడం వైపే. వరుసగా రెండు క్లీనింగులు ఇచ్చాక మూడోది నేను ఇవ్వను. కాకపోతే ఈ రెండింటిలో ఏది చెయ్యాలో తేల్చేది మన ఇష్టం కాదు, నాజిల్ చెక్, అంటే హెడ్‌లోని ప్రతి సన్నటి రంధ్రం (నాజిల్) ఒక్కో గీత గీసి చూపే టెస్ట్ ప్రింట్. దాన్ని చాలామంది ఒక్కసారి చూసి పక్కన పడేస్తారు. అసలు సమాధానం అందులోనే ఉంటుంది.

ట్రాన్స్‌పరెంట్ షీట్ మీద నాజిల్ చెక్ తీయండి. కింద నల్లబట్ట పరిస్తే ప్రతి గీతా కనిపిస్తుంది. ఒక క్లీనింగ్ ఇచ్చి రెండోది తీయండి, ఇంకో క్లీనింగ్ ఇచ్చి మూడోది. మూడింటినీ ఒకదాని కింద ఒకటి పెట్టి, పోయిన గీతలు ప్రతిసారీ అవేనా, చోటు మారుతున్నాయా అని చూడండి. మూడింటిలోనూ అదే చోట గీత లేకపోతే ఆ నాజిల్‌లో ఇంకు ఎండి గట్టిపడిందని అర్థం. అది నానబెట్టాల్సిన కేసు. ఒకసారి ఇక్కడ, ఇంకోసారి అక్కడ పోతుంటే నాజిల్ తప్పేమీ లేదు. గాలి దూరుతోంది, లేదా ఇంకు సరిపడా అందడం లేదు. అప్పుడు ఎన్ని క్లీనింగులిచ్చినా, ఎన్ని రాత్రులు నానబెట్టినా లాభం లేదు.

నా మెషీన్‌లో జరిగింది రెండోదే. మొదటి షీట్‌లో పన్నెండు గీతలు లేవు. ఒక క్లీనింగ్ తర్వాత అయిదే లేవు, హమ్మయ్య అనుకున్నాను. రెండోది ఇచ్చాక పద్నాలుగు పోయాయి, అవీ వేరే చోట్ల. అక్కడితో ఆపేసి హెడ్ పక్కకు జరిపి టార్చి వేసి చూశాను. నా మెషీన్‌లో వైట్‌కు, రంగులకు విడివిడి క్యాపులు, అంటే పని లేనప్పుడు హెడ్ వచ్చి కూర్చునే రబ్బరు అంచు మూతలు. రంగుల వైపు రబ్బరు అంచు నున్నగా ఉంది. వైట్ వైపు అంచు మీద ఒక మూల, ఎండిన సున్నంలా సన్నటి గట్టు కట్టింది. గోటితో తాకితే గరుగ్గా తగిలింది. క్యాప్ హెడ్‌కు అతుక్కుని కూర్చోకపోతే పంపు లాగేది ఇంకును కాదు, ఆ సందులోంచి గాలిని. నేనిచ్చిన రెండు క్లీనింగులూ ఆ గాలినే లాగాయి. నూగు రాలని స్వాబ్‌ను సొల్యూషన్‌లో తడిపి ఆ గట్టు కరిగేదాకా నెమ్మదిగా తుడిచాను, హెడ్‌ను తుడిచే వైపర్ కూడా తుడిచాను. ఒక గంట ఆగి, ఒక్క క్లీనింగ్ ఇచ్చాను. గీతలన్నీ వచ్చేశాయి.

ఆ గంట ఆగడం చాలామందికి టైమ్ వేస్ట్ అనిపిస్తుంది. కానీ వెంటవెంటనే క్లీనింగ్ ఇస్తే లైన్‌లో బుడగలు చిన్నవై ఇంకా లోపలికి చెదురుతాయి. వదిలేస్తే వాటంతటవే సర్దుకుంటాయి. మూడో క్లీనింగ్ కంటే గంట విశ్రాంతి బాగా పనిచెయ్యడం నేను చాలాసార్లు చూశాను.

క్లీనింగ్‌ను నేను తీసిపారెయ్యడం లేదు. రెండు రోజులు పని లేక మెషీన్ ఊరికే ఉండి నాలుగైదు నాజిళ్ళు మూసుకుంటే దానికి మించిన మందు లేదు, అయిదు నిమిషాల్లో పని అయిపోతుంది. కానీ అది పనిచెయ్యాలంటే క్యాప్ బిగుతుగా కూర్చోవాలి, పంపు లాగాలి, వెనకనుంచి ఇంకు రావాలి. మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా ఇంకు ఖర్చు, వేస్ట్ ట్యాంకు నిండటం తప్ప ఒరిగేదేమీ ఉండదు. పంపు సంగతి తెలుసుకోవడం తేలిక. క్యాప్ నిండా సొల్యూషన్ పోసి, క్లీనింగ్ ఇచ్చి, మళ్ళీ చూడండి. క్యాప్ ఖాళీ అయితే పంపు బాగున్నట్టే. ద్రవం అలాగే నిలిచి ఉంటే పంపో, దాని ట్యూబో పూడిపోయింది.

ఇక నానబెట్టడం. వైట్‌లో ఉండేది టైటానియం డయాక్సైడ్, నీటికంటే నాలుగింతలు బరువు. కదలకుండా ఉంటే మడ్డిలా అడుగుకు దిగుతుంది. దానికి తోడు, బట్టకు అంటుకోవడానికి ఇంకులో కలిపిన బైండర్ ఒకసారి ఎండితే నీటికి కరగదు. అందుకే ఎండిన నాజిల్‌ను పంపుతో బలంగా లాగడం కంటే, ముందు మెత్తబరచడం మేలని నా నమ్మకం. క్యాప్‌ను అంచుకు కాస్త కిందివరకు సొల్యూషన్‌తో నింపి, హెడ్‌ను దాని మీదికి తెచ్చి రాత్రంతా ఉంచాలి. పొంగేలా పోస్తే పక్క నాజిళ్ళకూ, హెడ్ అంచులకూ పాకుతుంది, అది మంచిది కాదు. కొన్ని మెషీన్లు రాత్రి వాటంతటవే క్లీనింగ్ చేసుకుంటాయి. మీదీ అలాంటిదైతే పోసిన సొల్యూషన్ తెల్లారేసరికి ఉండదు. సెట్టింగ్స్‌లో చూసి ఆ టైమ్ దాటాక పొయ్యండి. పొద్దున ఒకే ఒక్క క్లీనింగ్, ఒక నాజిల్ చెక్. సగం గీతలు తిరిగొచ్చినా దారిలో పడినట్టే, ఇంకో రాత్రి ఉంచండి. సొల్యూషన్ మాత్రం ఆ ఇంకుకు కంపెనీ చెప్పినదే వాడాలి.

దీనికి ఉన్న ఇబ్బంది ఒక్కటే, టైమ్. రేపు పొద్దున్నే ఇవ్వాల్సిన ఆర్డర్ ఉంటే ఆ టెన్షన్‌లో ఎవరికైనా చెయ్యి క్లీనింగ్ బటన్ మీదికే పోతుంది. నిజం చెప్పాలంటే, ఆ సమయంలో ఆర్డర్ ఒక రోజు వాయిదా అడగడమే నయం. హెడ్ పోతే ఒక రోజుతో తీరదు.

నానబెట్టి బాగైన నాజిళ్ళు వారంలోపే మళ్ళీ మూసుకుంటుంటే గది చూసుకోండి. గాలిలో తేమ 40 శాతం కంటే తగ్గితే ఎంత మంచి హెడ్ అయినా ఎండుతుంది. 40 నుంచి 60 మధ్య ఉండాలి. ప్రీట్రీట్ (ప్రింట్‌కు ముందు బట్ట మీద కొట్టే ద్రవం) స్ప్రే అదే గదిలో కొడుతుంటే వెంటనే మానెయ్యండి. ప్రీట్రీట్‌లో ఉండే కాల్షియం లవణం పని ఇంకును తాకగానే గడ్డకట్టించడమే. ఆ తుంపర బట్ట మీద చేసే పనే హెడ్ మీదా చేస్తుంది.

డాంపర్ మార్చడం ఎప్పుడంటే, నాజిల్ చెక్ నిండుగా ఉండి ప్రింట్ మధ్యలో వైట్ తగ్గిపోతున్నప్పుడు. పెద్ద వైట్ బ్లాక్ ఒకటి ప్రింట్ చెయ్యండి. మొదటి జానెడు చిక్కగా పడి, తర్వాత పలచబడుతూ పోతే హెడ్‌కు ఇంకు అందడం లేదు. డాంపర్‌లోని జల్లెడలో మడ్డి పేరుకుని ఉంటుంది, లేదా ట్యూబు ఎక్కడో మడతపడి ఉంటుంది. ముందు ట్యూబు చూడండి, డబ్బు ఖర్చులేదు.

సిరంజితో హెడ్‌లోకి సొల్యూషన్ నెట్టడం వద్దు. చెయ్యి కాస్త గట్టిగా పడితే హెడ్ లోపలి పొరలు విడిపోతాయి. అల్ట్రాసోనిక్ (ధ్వని తరంగాలతో హెడ్ కడగడం) చివరి ప్రయత్నం, అదీ చెయ్యి తిరిగినవాళ్ళ దగ్గరే.

ఇంకొకటి చెప్పాలి, ఎందుకంటే ఇందులో అనవసరంగా హెడ్లు పాడవుతున్నాయి. నాజిల్ చెక్‌లో ఒక్క గీత కూడా పోలేదు, పెద్ద బ్లాక్ కూడా చివరిదాకా ఒకేలా పడింది, అయినా టీషర్టు మీద వైట్ బూడిదరంగులో ఉంది. అప్పుడు హెడ్ జోలికి వెళ్ళకండి. కార్ట్రిడ్జ్ సరిగా కదిపారా, ప్రీట్రీట్ అన్ని చోట్లా సమానంగా పడిందా, ప్రెస్ కింద పూర్తిగా ఆరిందా చూడండి. ప్రీట్రీట్ చాలకపోతే వైట్ పైన నిలబడకుండా దారాల్లోకి ఇంకిపోతుంది. అదే టీషర్టులో ఒక భుజం దగ్గర తెల్లగా, ఇంకో భుజం దగ్గర బూడిదగా ఉందంటే స్ప్రే గన్ కడగాల్సిన రోజు వచ్చింది.