అద్దె సగం ఫోన్‌లో, సగం చేతికి అంటే ఒప్పుకోకండి

విశాఖలో అద్దె ఇల్లు వెతుక్కుంటున్నవాళ్లు, ముఖ్యంగా ఉద్యోగానికి కొత్తగా వచ్చినవాళ్లు ఇది చదవండి. మురళీనగర్ వైపు ఒక ఇంట్లో మేడ మీద పోర్షన్‌లో పదకొండు నెలలు ఉన్నాం. అద్దె 14,000, అడ్వాన్సు మూడు నెలలది 42,000. మొన్న ఖాళీ చేస్తే ఆ అడ్వాన్సులో మా చేతికి వచ్చింది 2,000.

చేరేటప్పుడే ఓనర్ గారు అన్నారు: "బాబూ, ఆరు వేలు ఫోన్‌లో కొట్టేయ్, మిగతా ఎనిమిది వేలు ఆంటీ చేతిలో పెట్టేయ్. అంతా అకౌంట్‌లో పడితే నాకు లేనిపోని తలనొప్పి." ఎందుకో అప్పుడు తెలియలేదు. ఆఫీసులో హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) మీద పన్ను మినహాయింపుకు కాగితాలు పెట్టేటప్పుడు అర్థమైంది. ఏడాది అద్దె లక్ష దాటితే ఓనర్ పాన్ నంబరు అడుగుతారు. నెలకు ఆరు వేలంటే ఏడాదికి 72,000, పాన్ మాటే రాదు. పద్నాలుగు వేలు కడుతూ ఆరు వేలకే మినహాయింపు చూపించుకున్నాను. ఇల్లు బాగుంది, నీళ్లకు ఇబ్బంది లేదు, పాప స్కూలు దగ్గర. అందుకే ఊరుకున్నాను.

ప్రతి నెలా ఐదో తారీఖున ఏటీఎంలో ఎనిమిది వేలు తీసి ఆంటీకి ఇచ్చేవాణ్ని. ఆవిడ నా ఎదురుగానే లెక్కపెట్టి, వంటింటి తలుపు పక్కన మేకుకు వేలాడే తెలుగు క్యాలెండర్‌లో ఆ తేదీ మీద నీలం పెన్నుతో టిక్కు పెట్టేవారు. పులుసు చేస్తే గిన్నెలో పోసి పైకి పంపే మనిషిని రసీదు రాసివ్వమని అడగడానికి మొహమాటం. జనవరిలో ఆ మేకుకు కొత్త క్యాలెండర్ వచ్చింది. పాతది ఏమైందో నేను పట్టించుకోలేదు.

ఏప్రిల్‌లో ఖాళీ చేస్తామన్నాక ఓనర్ గారు లెక్క చెప్పారు. జూన్ నుంచి డిసెంబరు వరకు ఏడు నెలలు ఎనిమిదేసి వేలు రాలేదట. మొత్తం 56,000. అడ్వాన్సు పోగా నేనే ఇంకా 14,000 ఇవ్వాలట. కొత్త క్యాలెండర్‌లో టిక్కులున్న నెలల జోలికి పోలేదు. ఏడు నెలల బాకీ ఉంటే ఒక్కసారి కూడా అడగలేదేం అంటే, "సంసారులు, ఒకేసారి ఇస్తారులే అనుకున్నాను" అన్నారు. బ్యాంకు స్టేట్‌మెంట్ చూపించాను. "డబ్బు తీశావు సరే, మాకిచ్చినట్టు అందులో ఎక్కడుంది?" అన్నారు. ఆంటీ పక్కనే ఉన్నారు, తల ఎత్తలేదు. డబ్బు కన్నా నాకు అదే ఎక్కువ బాధ.

సెప్టెంబరు, నవంబరు నెలల్లో ఆంటీ ఊళ్లో లేకపోతే ఆయనకే ఇచ్చి, "అంకుల్, ఎనిమిది వేలు ఇచ్చాను" అని వాట్సాప్‌లో పెట్టాను. "అందింది" అని జవాబు ఉంది. ఆ రెండు మెసేజ్‌ల వల్లే 16,000 తగ్గించారు. చివరికి ఐదు వందల నోట్లు నాలుగు ఇచ్చి, అడ్వాన్సు మొత్తం ముట్టిందని నాతో సంతకం పెట్టించుకున్నారు. సామాను అప్పటికే బండిలో ఎక్కించేశాం, టెన్షన్‌లో పెట్టేశాను. ఆ సంతకం పెట్టకుండా ఉండాల్సిందని తెలిసిన లాయరు గారు తర్వాత అన్నారు.

కాబట్టి అద్దె, అడ్వాన్సు మొత్తం అకౌంట్‌లోనే వేయండి, ఏ నెల అద్దో అక్కడే రాయండి. క్యాషే కావాలని పట్టుబడితే అప్పటికప్పుడు రసీదు తీసుకోండి. 5,000 దాటితే రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి దాని మీద సంతకం చేయించాలి. స్టాంపులు మీరే కొని దగ్గర పెట్టుకోండి, లేవనే సాకు ఉండదు. అగ్రిమెంటులో అద్దె ఎంతో ఒక్కటే రాస్తే సరిపోదు, ఏ అకౌంట్‌లో వేయాలో కూడా రాయించండి. మా అగ్రిమెంటులో ఆ లైను లేదు, పైగా కాపీ కూడా ఆయన దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు క్యాష్ ఇస్తున్నవాళ్లు ఇవాళే పాత నెలలన్నీ రాసి ఓనర్‌కి మెసేజ్ పెట్టి జవాబు తెప్పించుకోండి. మాట బాగున్నప్పుడే ఆ జవాబు వస్తుంది, ఖాళీ చేస్తామన్నాక రాదు.