జాంగో: వాడుకరి నుంచి సహాయకుడిగా

2005లో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో ఒక దినపత్రిక కార్యాలయం నుంచి బయటికి వచ్చిన జాంగో, వెబ్‌సైట్లు నిర్మించే పైథాన్ (ఒక ప్రోగ్రామింగ్ భాష) పరికరాలలో నాకు అన్నిటికన్నా నమ్మకమైనది. దాని డాక్యుమెంటేషన్ చదివే నేను ఈ పని నేర్చుకున్నాను. దాని కోడ్‌కు ఎవరైనా మార్పులు పంపవచ్చు. అయితే స్వయంగా కోడ్ పంపబోయినప్పుడు గానీ నాణ్యత విషయంలో దాని పట్టింపు ఎంతటిదో తెలియలేదు. నేను మార్చినవి రెండే వరుసలు. వాటికి టెస్టు (మార్పు సరిగా పనిచేస్తోందో లేదో పరీక్షించే కోడ్) ఏదని సమీక్షకులు మర్యాదగానే అడిగారు, అది రాయడానికి ఒక ఆదివారమంతా పట్టింది. కొత్తవారికి ఈ పద్ధతి కొంత బరువే, కానీ వెర్షన్ మార్చిన ప్రతిసారీ సైటు ఏమవుతుందోనన్న బెంగ నాకు లేకపోవడానికి కారణం కూడా ఇదే. కోడ్ రానివారు అనువాదంలో చేయి వేయవచ్చు. సైటును నిర్వహించుకునే అడ్మిన్ పేజీలకు తెలుగు అనువాద ఫైలు ఎప్పటినుంచో ఉన్నది, పూరించవలసినదీ ఉన్నది.