రాడ్ మంచిదే, ప్లగ్గే ముంచింది

ఒడిశాలో మా సెమిలిగూడ డిసెంబరు చలి తెలిసినవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు, పొద్దున్నే కుళాయి కింద చెయ్యి పెడితే కొరికేస్తుంది. అందుకే జైపూర్ (రాజస్థాన్‌ది కాదు, మా కోరాపుట్ జిల్లాది) వెళ్లినప్పుడు ఒక షాపులో 1500 వాట్ల వాటర్ హీటర్ రాడ్ కొన్నాను, 620 రూపాయలు. ఐఎస్ఐ గుర్తు ఉంది.

మొదటి రోజు సాయంత్రం 15 లీటర్ల బకెట్‌కి 35 నిమిషాలు పట్టింది. "పదిహేను వందలని చెప్పి వెయ్యిది అంటగట్టాడ్రా నీకు" అని మా మామ్మ తేల్చేసింది. నాకూ అదే డౌటు, సరే లెక్క కడదామని కూర్చున్నా. లీటరు నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కాలంటే సుమారు 4,180 జౌళ్లు కావాలి. 15 లీటర్లు 15 డిగ్రీల నుంచి 45కి రావాలంటే 18.8 లక్షల జౌళ్లు. 1500 వాట్లంటే సెకనుకి 1500 జౌళ్లు, దాంతో భాగిస్తే 1254 సెకన్లు, అంటే 21 నిమిషాలు. బకెట్ పైనుంచి పోయే వేడి కలుపుకున్నా 35 ఎక్కువే.

ప్లగ్ పీకేసి మల్టీమీటర్‌తో రాడ్ రెసిస్టెన్స్ (కరెంటుని ఎంత అడ్డుకుంటుందో) చూస్తే 35 ఓములు. 230 వోల్టులని 230తో గుణించి 35తో భాగించండి, 1500 వాట్లు వస్తుంది. అంటే రాడ్ నిజమే చెప్తోంది! మరి దొంగ ఎవరు? సాయంత్రం సాకెట్‌లో 190 వోల్టులే ఉన్నాయి. వోల్టేజీ ఆరో వంతు తగ్గితే వేడి దాదాపు మూడో వంతు పడిపోతుంది, 1030 వాట్లే మిగిలాయి. మర్నాడు పొద్దున్న 230 ఉన్నప్పుడు అదే బకెట్ 24 నిమిషాల్లో కాగింది. కరెంటు మాత్రం రెండుసార్లూ ఇంచుమించు 0.6 యూనిట్టే, కాబట్టి వోల్టేజీ తక్కువుంటే బిల్లు పెరిగిపోతుందని మామ్మ టెన్షన్ పడక్కర్లేదు.

నా గొడవంతా ప్లగ్ గురించే. ఈ రాడ్ 6.5 ఆంపియర్లు లాగుతుంది, కంపెనీ వాడు ఇచ్చిందేమో సన్న పిన్నుల 6 ఆంపియర్ల ప్లగ్. మూడో రోజు కాలిన వాసన. మా హాల్లో పాత సాకెట్ కాస్త లూజు. ఆ లూజు దగ్గర అర ఓము రెసిస్టెన్స్ ఉన్నా చాలు, 6.5ని 6.5తో గుణించి సగం చేస్తే 21 వాట్లు, అంటే సాకెట్ లోపల చిన్న సోల్డరింగ్ ఐరన్ పెట్టినట్టే. ప్లాస్టిక్ కరగదా మరి?

షాపుకి ఫోన్ చేస్తే "ఏం కాదు బాబూ, అందరూ అలాగే వాడుతున్నారు" అన్నాడు. 16 ఆంపియర్ల లావు ప్లగ్ నేనే కొని బిగించి, వంటింట్లో పవర్ సాకెట్‌కి మార్చాను. ఇప్పుడు అరగంట వాడినా ప్లగ్ చల్లగానే ఉంటోంది.

రాడ్‌కి నాలుగు స్టార్లు, ప్లగ్‌కి సున్నా. కొనేముందు డబ్బా విప్పించి పిన్నుల లావు చూసుకోండి.