వింటర్ టైర్లు: నాలుగు చలికాలాలు వాడాక

నాది ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు. మొదటి చలికాలం డబ్బు కలిసొస్తుందని ముందు చక్రాలకే వింటర్ టైర్లు వేయించాను. ఇంజను తిప్పేది వాటినే కదా, వెనకవి ఊరికే దొర్లుతాయిలే అనుకున్నా. ఒకరోజు మంచు పడ్డ మలుపులో కాస్త బ్రేక్ తొక్కానో లేదో, ముందు భాగం నేను తిప్పిన వైపు వెళ్లింది, వెనక భాగం తన దారి తాను చూసుకుంది. కారు రోడ్డుకు అడ్డం తిరిగి ఆగింది. ఎదురుగా ఏ బండీ లేదు కాబట్టి సరిపోయింది. ఆ వారంలోనే మిగతా రెండూ కొన్నాను. వేస్తే నాలుగూ వేయాలి, లేదంటే అసలు వేయకపోవడమే నయం.

మామూలు టైరు రబ్బరు చలికి బిగుసుకుపోతుంది. సుమారు 7 డిగ్రీల సెల్సియస్ దాటి కిందికి దిగితే పట్టు తగ్గుతూ వస్తుంది, మంచు పడక్కర్లేదు. వింటర్ టైరు అప్పుడూ మెత్తగానే ఉంటుంది. ట్రెడ్ మీద, అంటే టైరులో రోడ్డుకు తగిలే గాళ్ల పొర మీద, ఉండే వందల సన్నటి గాట్లు మంచును కరిచి పట్టుకుంటాయి. తేడా బాగా తెలిసేది బండి కదిలేటప్పుడు కాదు, ఆగేటప్పుడు. 'నాది ఫోర్ వీల్ డ్రైవ్, నాకెందుకు' అనేవాళ్లు నాకు చాలామంది తగిలారు. కదలడానికి నాలుగు చక్రాలూ పని చేస్తే మంచిదే. కానీ బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ ఉంటాయి, అక్కడ మిగిలేది టైరు పట్టే. అలాగని గాజులా గడ్డకట్టిన రోడ్డు మీద అద్భుతాలేం జరగవు. ఇవీ జారతాయి, కాస్త తక్కువగా.

ఇక చిరాకులు. చప్పుడు ఎక్కువ. ఎండ కాసే రోజుల్లో స్టీరింగ్ తిప్పితే బండి మెత్తగా, ఆలస్యంగా స్పందిస్తుంది. రెండో ఏడు బద్ధకించి ఎండలు ముదిరేదాకా తీయలేదు, ఆ కొద్ది వారాల్లోనే కళ్లముందే అరిగాయి. నాలుగో చలికాలానికి, కొత్తలో 8 మిల్లీమీటర్లున్న ట్రెడ్ 4కి వచ్చింది. చూడ్డానికి ఇంకా బాగానే ఉంది. కానీ నీళ్లూ మంచూ కలిసిన బురదలో బండి తేలినట్టయ్యేది. చాలా దేశాల్లో చట్టం 1.6 మిల్లీమీటర్ల దాకా ఒప్పుకుంటుంది. నా లెక్కలో మాత్రం మంచు రోడ్డుకి 4 దగ్గరే టైరు పని అయిపోయినట్టు.

టైర్లలో గాలి సంగతి ఎవరూ ముందు చెప్పలేదు. మొదటిసారి గట్టిగా చలి పడ్డ ఉదయం డాష్‌బోర్డు మీద లైటు వెలిగితే పంక్చరేమో అని టైర్లన్నీ వెతికాను. పంక్చరూ లేదు, పాడూ లేదు. చలి పది డిగ్రీలు పెరిగితే టైరులో గాలి ఒత్తిడి దాదాపు 2 పీఎస్ఐ తగ్గుతుందట. ఇప్పుడు చలికాలమంతా నెలకు రెండుసార్లు, బండి తీయకముందే చూసుకుంటున్నాను.

మూడో ఏడు టైర్లు భేషుగ్గా ఉండగా బ్యాటరీ చచ్చింది. పాత బ్యాటరీ చలికి తట్టుకోలేదు. అప్పటినుంచి టైర్లు మార్పించిన రోజే బ్యాటరీ పరీక్ష కూడా చేయిస్తున్నా, అద్దం కడిగే ట్యాంకులో నీళ్లు తీసేసి గడ్డకట్టని ద్రవం పోస్తున్నా.

ఈ ఏడు కొత్త సెట్ కొన్నాను, నాలుగూ ఒకేసారి. టైరు పక్క భాగం మీద మూడు శిఖరాల కొండ, అందులో మంచు రేకు గుర్తు ఉందో లేదో చూశాను; మంచులో పరీక్ష పాసైన టైరుకే అది ఉంటుంది. ఒట్టి 'ఎం ప్లస్ ఎస్' (బురద, మంచు అని అర్థం) అని ఉంటే మంచులో పరీక్ష పాసైనట్టు కాదు. టైరు మీద అచ్చేసి ఉండే డాట్ కోడ్‌లో చివరి నాలుగు అంకెలు, అంటే తయారైన వారం, సంవత్సరం కూడా చదివాను. ఒక టైరు మిగతా మూడింటికంటే రెండేళ్లు పాతది. మార్చి ఇవ్వమన్నాను, ఇచ్చారు.